గోస్తని మొగ నుంచి పూడిమడక దాకా: తీరాన్ని కాపాడుకుందామనే వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు రాగానే ఒకసారి, జూన్ వానలకి ముందు మరోసారి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. భీమిలి చుట్టుపక్కల ఉప్పుటేళ్ల దగ్గర, తీర గ్రామాల్లో స్వచ్ఛందంగా తిరిగే కొందరం కలిసి వాటికి జవాబులు ఇక్కడ రాసి పెట్టాం. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసిన చోట నుంచి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

వైజాగ్‌లో బీచ్‌లు చూశాం గానీ, ఉప్పుటేళ్లు ఎక్కడున్నాయండీ?

ఉన్నాయి. బీచ్ రోడ్డు మీద కారులో పోతే కనబడవంతే. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల దగ్గర నుంచి, తాటిపూడి రిజర్వాయరు మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణాన శారద నది రాంబిల్లి వైపు, తాండవ నది పెంటకోట దగ్గర సముద్రాన్ని చేరతాయి. నగరం మధ్యలో మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ నీళ్లు పోర్టు వైపు దిగుతాయి. 1933లో ఓడలకి తెరిచిన మన హార్బరును కట్టింది ఒకప్పటి ఉప్పు చిత్తడి నేలలోనే. ఆ చిత్తడిలో మిగిలిన మడచెట్లు నేటికీ కొన్ని ఉన్నాయి. ఇవి కాక, వానాకాలంలో మాత్రమే నీళ్లొచ్చే చిన్న గెడ్డలు తీరం పొడవునా ఉన్నాయి. వాటిని లెక్కలోకి తీసుకునేవాళ్లు తక్కువ.

గోస్తనిలో సగం ఏడాది నీళ్లే ఉండవు. దాన్ని కాపాడి ఏం లాభం?

ఎగువ నుంచి వచ్చే మంచినీళ్లు తగ్గుతాయి, నిజమే. తాటిపూడి నీళ్లు నగరం తాగునీటికి పోతాయి కూడా. అలాగని మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, ఖాళీగా ఉండదు. పోటు వచ్చినప్పుడు సముద్రం లోపలికి వస్తుంది, పాటుకి వెనక్కి పోతుంది. ఆ కలగలుపు నీళ్లలోనే టైగర్ రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు పెరుగుతాయి. పెద్దవి గుడ్లు పెట్టేది సముద్రంలో, పిల్లలు పెరిగేది ఇక్కడ. మొగ పాడైతే ఆ నష్టం కొన్నాళ్లకి సముద్రంలో వల వేసేవాడి బుట్టలో తెలుస్తుంది. పాటు వేళ బయటపడే బురద పర్రలు పిట్టల మేతనేల. అక్టోబరు నుంచి మార్చి దాకా ఉత్తరాది చలి దేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు ఆ బురదలో పురుగుల్ని ఏరుకుని తింటాయి. పైకి ఖాళీ బురదలా కనబడే చోటే ఎక్కువ ప్రాణులుంటాయి. ప్లాట్లు వేసేవాళ్ల కన్ను ముందు పడేదీ ఆ చోటి మీదే.

నేను ఐటీ ఉద్యోగిని. బయాలజీ ఏమీ తెలీదు. పనికొస్తానా?

పనికొస్తారు. ఈ పనిలో తొంభై పాళ్లు ఒకే చోటికి పదే పదే వెళ్లి, చూసింది రాసిపెట్టడమే. పిట్టల పేర్లు ఒక చలికాలంలో వచ్చేస్తాయి. మాకు నిజంగా కొరత ఉన్నది మ్యాపులు గీయగలిగినవాళ్లు, ఆర్టీఐ దరఖాస్తు తప్పుల్లేకుండా రాసేవాళ్లు, లెక్కల పట్టికని ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో నడిపేవాళ్లు. పీహెచ్‌డీ ఉండి ఒక్కసారి వచ్చి వెళ్లేవాళ్ల కన్నా, ప్రతి రెండో ఆదివారం వచ్చే అకౌంటెంటు మేలు.

మత్స్యకారులు మమ్మల్ని నమ్మరేమో. ఊళ్లోకి ఎలా వెళ్లాలి?

నమ్మకపోవడానికి వాళ్లకి కారణాలున్నాయి. ఇదివరకు ఊళ్లోకి చేతిలో మ్యాపు పట్టుకుని వచ్చినవాళ్లలో చాలామంది ఏదో ఒకటి తీసుకోవడానికే వచ్చారు. అందుకే మొదటిరోజు బ్యానరు, కెమెరా, టీషర్టు ఏవీ వద్దు. పెదజాలారిపేట కావచ్చు, మంగమారిపేట కావచ్చు, ముత్యాలమ్మపాలెం కావచ్చు, ముందు కులపెద్దల్ని కలవండి. వల ఒడ్డుకి లాగుతున్న సమయంలో ప్రశ్నలు వెయ్యకండి. వల బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడు వెళ్లి పక్కన కూర్చోండి.

"పెద్దయ్యా, మొగ ఇదివరకు ఎటు తిరిగి ఉండేది?" అని అడిగితే మాట మొదలవుతుంది. "తాబేళ్లని కాపాడాలి" అని మొదలుపెడితే అక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే ఆ మాటలో, తాబేళ్లని చంపేది మీరే అన్న నింద వాళ్లకి వినిపిస్తుంది. నిజానికి వలలో తాబేలు పడితే శ్రీకూర్మనాథుడని దండం పెట్టి వదిలేసే ఇళ్లు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. చేపలు అమ్మేది, ఎండబెట్టేది వాళ్లే. ఏ రకం దొరకడం మానేసిందో బజారు లెక్కతో సహా చెబుతారు. గ్రామంలో కుర్రాళ్లు కాపలాకి ఒప్పుకుంటే వాళ్లకి కూలి ఇవ్వాలి. రాత్రంతా మేలుకుని ఉదయం వేటకి పోలేనివాడికి "సేవ చెయ్యి బాబూ" అని చెప్పడం అన్యాయం.

సంస్థ రిజిస్టర్ చేయించాలా?

మొదట్లో అక్కర్లేదు. డబ్బు చేతులు మారేటప్పుడు, కార్యాలయాలతో ఉత్తరాలు నడిచేటప్పుడు చూసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆ ఏడుగురిలో తీర గ్రామస్తులు కనీసం సగం ఉండాలని మా పట్టుదల. చట్టంలో అలా ఏమీ లేదు.

## తీరం మీద: చూడటం, రాయడం

ఏ టైముకి వెళ్తే బాగుంటుంది?

గడియారం కన్నా పోటుపాట్లు ముఖ్యం. పిట్టల కోసమైతే పాటు మొదలై బురద బయటపడేటప్పుడు వెళ్లండి. అమావాస్యకి, పున్నమికి పోటు బలంగా ఉంటుంది. ఆ రోజుల్లో నీళ్లు ఎంత దూరం లోపలికి వచ్చాయో గమనించి గుర్తు పెట్టుకోండి. తర్వాత ఎవరైనా "ఇక్కడికి సముద్రపు నీరు రాదు" అన్నప్పుడు ఆ ఫొటో పనికొస్తుంది. మొగ దగ్గర ఒంటరిగా నీళ్లలోకి దిగకండి. పాటు లాగే లాగుడు ఈత వచ్చినవాళ్లని కూడా ముంచేస్తుంది.

ఏం రాయాలి? మా నోటుబుక్కులో ఏవేవో ఉంటున్నాయి.

తేదీ, సమయం, పోటా పాటా, చోటు, ఎంతసేపు ఉన్నారు, ఎంతమంది చూశారు. ఈ ఆరూ లేని నోటు తర్వాత ఎవరికీ అక్కరకు రాదు. వీటి తర్వాత పిట్టలు, అడుగుజాడలు, చచ్చిన జంతువులు, నీటి రంగు, మొగ వెడల్పు, కొత్తగా పడిన మట్టి కుప్పలు. ఏమీ కనబడని రోజు "ఏమీ లేవు" అని రాయడం మర్చిపోవద్దు. చాలామంది ఆ రోజు పుస్తకం తెరవరు. దాంతో పిట్టలు ఎప్పుడు రావడం మానేశాయో తేలదు.

ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకి, నెలకొక ఫొటో తీయండి. కరెంటు స్తంభమో గుడి గోపురమో ఫ్రేములో ఉండాలి. మూడేళ్లకి ఆ వరసే మీ దగ్గరున్న బలమైన సాక్ష్యం అవుతుంది.

మా లెక్కలకి విలువ ఉంటుందా? ఎవరు తీసుకుంటారు?

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి నడుస్తున్నది, ఎవరైనా చేరవచ్చు. మిగతా ఏడాదంతా పిట్టల లెక్కలు తీసుకునే ఈబర్డ్ వెబ్‌సైటులో నమోదు చెయ్యొచ్చు. వీటితో పాటు గ్రామ పంచాయతీ లేదా జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెబుతోంది. ఆ కమిటీ నడిపే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో మీ ఊరి మొగ, చేపలు, చెట్లు ఎక్కించమని అడగండి. చాలాచోట్ల ఆ రిజిస్టరు బీరువాలో నిద్రపోతోంది. దాన్ని బయటికి తీయించి, మీ పేజీలు చేర్పించడం ఒక మంచి మొదటి పని.

డ్రోను ఎగరెయ్యొచ్చా?

వైజాగ్‌లో వద్దు. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉంది. అనుమతి లేకుండా ఎగరేస్తే మీతో పాటు ఊళ్లోవాళ్లకీ చిక్కులొస్తాయి. నౌకాదళం, పోర్టు పరిధిలోని మడచెట్ల దగ్గర మామూలు కెమెరా తీసే ముందు కూడా అడగండి. పైనుంచి చూడాలంటే గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. మొగ ఎలా జరిగిందో వాటిలో చూసుకోవచ్చు.

పిట్టల గూళ్లు కనబడితే కర్రలు పాతి, తాడు కట్టాలా?

మార్చి నుంచి మే దాకా కొన్ని చిన్న పిట్టలు ఇసుక మీదే గుడ్లు పెడతాయి. గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి. తాడు కడితే మనుషులకి, కాకులకి చోటు చూపించినట్టే. దూరం నుంచి చోటు గుర్తుపెట్టుకుని, బైకులు ఇసుక మీదికి రాకుండా దారి దగ్గరే ఆపడం మంచిది.

## తాబేళ్ల కాలం

రాత్రి నడుస్తుంటే తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చింది. ఏం చెయ్యాలి?

ఆగండి. ఫోను లైటు ఆర్పండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా వస్తాయి. ఇసుకలో ఒకటిన్నర అడుగుల లోతు గొయ్యి తీసి, సుమారు వంద గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతాయి. ఒడ్డు ఎక్కేటప్పుడు వెలుగో అలికిడో తగిలితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతాయి. వెనక వైపు దూరంగా కూర్చోండి. ఫ్లాష్ వద్దు, ముట్టుకోవద్దు, సెల్ఫీ అసలే వద్దు. అది సముద్రంలోకి వెళ్లాక చోటు గుర్తుపెట్టుకుని అటవీశాఖ సిబ్బందికి చెప్పండి. కాపలా ఉన్న గ్రామమైతే ముందు ఆ కుర్రాళ్లకి చెప్పండి. రీల్స్ కోసం లొకేషన్ పెట్టొద్దు. గుడ్లు దొంగిలించేవాళ్లూ ఫోనులు చూస్తారు.

కుక్కలు తవ్వేస్తున్నాయి. మేమే గుడ్లు తీసి, వాటిని పొదిగించే హేచరీకి ఇచ్చేస్తే?

మీ అంతట మీరు తీయకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేలు ఉంది. గుడ్లు తీయడం కూడా చట్టం దృష్టిలో వేటే. 2022 సవరణ తర్వాత శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. "మంచికే తీశాం" అనే మాట కోర్టులో పెద్దగా నిలబడదు.

చట్టం సంగతి అలా ఉంచినా, గుడ్డు పెట్టిన కొద్ది గంటల తర్వాత లోపలి పిండం పెంకుకి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డుని తిప్పితే పిల్ల చచ్చిపోతుంది. అందుకే శిక్షణ ఉన్నవాళ్లు వెంటనే, ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచి మారుస్తారు. హేచరీలో ఇసుక వేడి ఇంకో సంగతి. సుమారు 29 డిగ్రీలకి పైన ఆడపిల్లలు ఎక్కువ, కింద మగపిల్లలు ఎక్కువ పుడతాయి. నీడ లేని హేచరీ నడిపితే మొత్తం ఆడవే రావచ్చు. గూడు ఉన్నచోట భద్రంగా ఉంటే అక్కడే ఉంచి కాపలా కాయడం మాకు నచ్చిన పద్ధతి. కుక్కల బెడద మరీ ఎక్కువగా ఉన్నచోట హేచరీ తప్పదు.

కుక్కలకి బీచ్‌లో బిస్కెట్లు వేసేవాళ్లకి ఒక మనవి: ఆ పని జనవరి నుంచి మే దాకా ఇంటి వీధిలో చెయ్యండి.

తాబేలు పిల్లల్ని చేత్తో పట్టుకుని నీళ్లలో వదలొచ్చా? మా పిల్లలు సరదా పడుతున్నారు.

వద్దు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఇసుక మీద తన కాళ్లతో నడిచి వెళ్లాలి. ఆ నడకలోనే దానికి దిక్కు తెలుస్తుందని శాస్త్రవేత్తలు చెబుతారు. బకెట్లో నీళ్లు పోసి ఉంచితే ఈతకి దాచుకున్న శక్తి అక్కడే అయిపోతుంది. గుడ్లు 45 నుంచి 60 రోజుల్లో పగులుతాయి. పిల్లలు బయటికి వచ్చేది ఎక్కువగా రాత్రి చల్లదనంలో. హేచరీ నుంచి వదిలేది తెల్లవారుజామునో సాయంత్రం చీకటి పడుతుండగానో ఉండాలి. అతిథి ఆలస్యంగా వచ్చారని ఎండెక్కేదాకా ఆపడం మహాపాపం. మీ పిల్లలు పక్కన గీత వెనక కూర్చుని చూస్తే చాలు, జన్మలో మర్చిపోరు.

బీచ్ రోడ్డు లైట్ల వల్ల నిజంగా నష్టమా?

నిజం. తాబేలు పిల్లలు ఎక్కువ వెలుతురున్న వైపుకి పాకుతాయి. మామూలుగా అది సముద్రం వైపు ఆకాశం. ఫ్లడ్ లైట్లు పెడితే రోడ్డు వైపు వచ్చేస్తాయి. లైట్లన్నీ తీసెయ్యమని అడగనక్కర్లేదు. ఇసుక వైపు వెలుగు పడకుండా మూత పెట్టమని, జనవరి నుంచి మే దాకా రాత్రి పదకొండు తర్వాత తగ్గించమని జీవీఎంసీకి, రిసార్టులకి రాయండి. రిసార్టులు త్వరగానే ఒప్పుకుంటాయి.

జనవరి, ఫిబ్రవరిలో అన్ని చచ్చిన తాబేళ్లు ఎందుకు కొట్టుకొస్తాయి?

తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. గుడ్లు పెట్టే కాలంలో అవి తీరానికి దగ్గరగా ఉంటాయి, ట్రాలర్ల వలలు కూడా అక్కడే తిరుగుతాయి. అడుగున గంటల తరబడి ఈడ్చే వలలో చిక్కితే ఊపిరాడక చచ్చిపోతాయి. ఒంటి మీద గాయం లేకుండా, ఉబ్బిపోయి ఒడ్డుకి వచ్చినవాటిలో చాలావరకు ఇవే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం తాబేళ్లని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. ఆ నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది. అది మొదలయ్యేసరికి తాబేళ్ల కాలం చివరికి వస్తుంది. ఒడిశాలో ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర నవంబరు నుంచి మే దాకా విడిగా వేట నిషేధం ఉంది, ఎందుకంటే అక్కడ వేలాదిగా గుడ్లు పెడతాయి. మన దగ్గర ఒకటీ అరా వస్తాయి కాబట్టి ఎవరికీ పట్టదు.

మన చేతిలో ఉన్నవి రెండు. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం, 1994 ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే చోటు, మరపడవలు ఆ అవతలే వేటాడాలి. ఆ గీత దాటి లోపలికి వచ్చే ట్రాలరు తాబేలుకీ తెప్పవాడికీ ఒకేసారి శత్రువు. కాబట్టి ఈ విషయంలో చిన్న పడవలవాళ్లు మన పక్షాన గట్టిగా నిలబడతారు. రెండోది, ట్రాలు వలకి తాబేలు బయటపడే చట్రం అమర్చడం. రొయ్యలు కమ్మీల మధ్య నుంచి వెనక్కి పోతాయి, తాబేలు కమ్మీలకి తగిలి కిటికీలోంచి బయటపడుతుంది. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన జలాలకి తగ్గట్టు ఒకటి తయారు చేసింది. చట్రం లేదనే కారణంతోనే మన దేశపు సముద్రపు రొయ్యల్ని అమెరికా 2019 నుంచి కొనడం ఆపింది. బోటు యజమానులకి తాబేలు గురించి చెప్పేకన్నా ఈ సంగతి చెబితే త్వరగా ఎక్కుతుంది.

ఒడ్డున కళేబరం కనబడితే కొలత, ఫొటో, చోటు రాసి, పశువైద్యుడి పరీక్ష కోసం అటవీశాఖకి చెప్పండి. లెక్క రెండుసార్లు పడకుండా డొప్ప మీద పెయింటుతో గుర్తు పెట్టండి.

వలలో బతికున్న తాబేలు పడింది, కదలట్లేదు. చచ్చిపోయిందనుకుని పడేస్తే?

పడెయ్యకండి. స్పృహ తప్పి ఉండొచ్చు. అలాగే నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. పొట్ట కిందికి ఉండేలా పెట్టి, వెనక భాగం అరడుగు ఎత్తుగా ఉంచండి. ఊపిరితిత్తుల్లోని నీరు బయటికి వస్తుంది. నీడలో, తడి గోనె కప్పి, నాలుగు గంటల నుంచి ఒక రోజు దాకా చూడండి. కదలిక వస్తే ఇంజను ఆపి, మెల్లగా వదలండి.

పెద్ద జంతువులకి కూడా ఓపికే కావాలి. 2021 డిసెంబరులో తంతడి తీరంలో వలకి చిక్కిన భారీ తిమింగల సొరని మత్స్యకారులు, అటవీశాఖ, వన్యప్రాణి ప్రేమికులు కలిసి సముద్రంలోకి పంపారు. వల కోసుకోవాల్సి వస్తే కోసే ముందే ఫొటోలు తీసి ఉంచుకోండి, పరిహారం అడగడానికి అవే ఆధారం.

## మడచెట్లు, ఇసుక, చెత్త

పర్యావరణ దినోత్సవానికి మడ మొక్కలు నాటుదామనుకుంటున్నాం. వెయ్యి మొక్కలు ఎక్కడ దొరుకుతాయి?

మా దగ్గరికి అన్నింటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దీనికే మేం ఎక్కువసార్లు వద్దని చెబుతాం.

మడచెట్టు పోటుపాట్లు తగిలే బురదలో బతుకుతుంది. ఇసుక బీచ్‌లో నాటితే చస్తుంది. పిట్టలు మేసే ఖాళీ పర్రలో నాటితే మొక్క బతికినా పిట్టల మేత పోతుంది. ఒకప్పుడు మడ ఉండి, ఇప్పుడు ఎండిపోయిన చోట అసలు కారణం చాలాసార్లు నీళ్లు ఆడకపోవడం. రోడ్డో గట్టో అడ్డం పడి, నీళ్లు నిలిచి ఆవిరై, ఉప్పు పేరుకుపోతుంది. అక్కడ ఎన్ని మొక్కలు పెట్టినా ఎండిపోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అటవీశాఖ, ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థ, గ్రామస్తులు కలిసి చేసింది ముందు కాలువలు తవ్వడం. చేప ముల్లులాగా మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటు లోపలికి వచ్చి ఉప్పు కడిగేశాక నాటారు.

కాబట్టి వరస ఇది: నేల ఎవరిది, పోర్టుదా, రెవెన్యూదా, అటవీశాఖదా అని తెలుసుకోండి. నీళ్లు ఆడుతున్నాయా చూడండి. ఆడుతుంటే విత్తనాలు వాటంతట అవే వచ్చి మొలకెత్తుతాయేమో ఒక వానాకాలం ఆగండి. అప్పటికీ రాకపోతే దగ్గర్లో ఉన్న చెట్ల విత్తనాలే, అంటే మన తెల్లమడ, తిల్ల లాంటివే తెచ్చి నర్సరీ వేయండి. మడ అడవుల కోసం కేంద్రం 2023లో మొదలుపెట్టిన మిష్టి పథకం డబ్బు అటవీశాఖ ద్వారా వస్తుంది. వెయ్యి మొక్కల ఫొటో కన్నా, మూసుకుపోయిన ఒక్క తూము తెరిపించడం గొప్ప పని. కాకపోతే తూము పక్కన ఫొటో దిగడానికి ఎవరూ రారు.

బీచ్‌లో సరుగుడు మొక్కలు వేస్తే తుఫాను ఆగుతుందంటారు కదా?

ఇసుక దిబ్బల వెనక వేస్తే గాలికి కొంత అడ్డం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎన్ని చెట్లు కూలాయో వైజాగ్ వాళ్లకి చెప్పనక్కర్లేదు. అలల గీత దాకా వేస్తే తాబేళ్లకి గొయ్యి తీసుకునే చోటుండదు, వేళ్లు అడ్డం, నీడతో ఇసుక చల్లబడుతుంది. దిబ్బని పట్టి ఉంచే పని బాలబండి తీగ, రావణాసురుడి మీసాల గడ్డి ఇప్పటికే చేస్తున్నాయి. శుభ్రం పేరుతో వాటిని పీకకండి.

ప్రతి నెలా బీచ్ క్లీనింగ్ చేస్తున్నాం. అది చాలదా?

చెడ్డ పని కాదు. అయితే చెత్త పుట్టేది బీచ్‌లో కాదు, గెడ్డల్లో. మొదటి గట్టి వానకి నగరం కాలువల్లో ఏడాది పేరుకున్నదంతా సముద్రంలోకి వస్తుంది. మే చివరి వారంలో, జూన్ మొదట్లో గెడ్డ మొగ దగ్గర, కల్వర్టుల కింద తీసిన చెత్త, ఒడ్డున ఏరేదానికి ఎన్నో రెట్లు. తీసేటప్పుడు రకాలు విడదీసి తూకం వేయండి. పాలిథిన్ సంచులు, థర్మోకోల్, సీసాలు, వల ముక్కలు. 2022 జూలై 1 నుంచి నిషేధంలో ఉన్న, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులే మీ బస్తాల్లో ఎన్ని వచ్చాయో తూకంతో రాసి ఇస్తే, జీవీఎంసీ అధికారి వినక తప్పదు.

జనవరి నుంచి మే దాకా ట్రాక్టర్లు, గుంటకలు ఇసుక మీద నడపొద్దు. గూళ్లు నలిగిపోతాయి. అలలు తెచ్చిన నాచుని, తీగల్ని వదిలెయ్యండి, పీతలకి, పురుగులకి అదే తిండి.

మొగ పూడిపోయింది. జేసీబీ తెప్పించి తవ్విస్తే పోలేదా?

వేసవిలో నది నీళ్లు తగ్గాక, తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుక మొగకి అడ్డంగా మేట వేస్తుంది. వరద వచ్చినప్పుడు కొట్టుకుపోతుంది. ఇది ఏటా జరిగేదే. పడవలు పోవడానికి ఇబ్బందైతే సంప్రదాయ మత్స్యకారులు చేత్తో మేట తొలగించుకోవడానికి తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల్లో అనుమతి పద్ధతి ఉంది. యంత్రాలతో తవ్వితే సంగతి వేరు. తవ్విన ఇసుక లారీ ఎక్కితే అది అక్రమ తవ్వకం. మొగ ఎప్పుడు, ఎక్కడ తెరవాలో ఊరి పెద్దలకి తెలిసినంత మనకి తెలీదు, ఆ నిర్ణయం వాళ్లకే వదలండి.

ఇసుకని ఒకచోట ఆపితే ఇంకోచోట కొరత వస్తుందనడానికి ఆర్కే బీచే సాక్ష్యం. మన తీరంలో ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బరు గోడలు దాన్ని ఆపుతాయి కాబట్టి, పోర్టు డ్రెడ్జింగు ఇసుకని తెచ్చి ఆర్కే బీచ్‌కి పోయాల్సి వస్తోంది.

## గొడవ వచ్చినప్పుడు

ఉప్పుటేరు ఒడ్డున లారీలతో మట్టి పోస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

అదే రోజు చెయ్యాల్సినవి: తేదీ, లొకేషన్ కనబడే ఫొటోలు, సర్వే నంబరు, పోటు వేళ నీళ్లు ఎక్కడి దాకా వస్తున్నాయో చూపే ఫొటో. లారీల ముందు నిలబడి గొడవ పెట్టుకోకండి. రాత్రిపూట ఒక్కరే అసలు వెళ్లొద్దు.

తర్వాత రాతపూర్వకంగా తహసీల్దారుకి, కలెక్టరుకి ఇవ్వండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు వస్తుంది, ఆ నంబరే మీకు ఆధారం. ఒక ప్రతి రాష్ట్ర తీరప్రాంత యాజమాన్య సంస్థకి పంపండి. తీర నిబంధనల అమలు చూడటానికి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలి, అందులో మత్స్యకారులతో సహా స్థానిక తీర వాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలి. ఆ ముగ్గురూ ఎవరని అడగడంతోనే చాలా కదులుతుంది. శారద, తాండవ మొగలైతే కాగితం అనకాపల్లి కలెక్టరుకి వెళ్లాలి. విశాఖలో ఇచ్చి నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

అనుమతులున్నాయా అని ఆర్టీఐ వేయండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజులు. చివరి మెట్టు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం. సమస్య మొదలైన ఆరు నెలల్లోగా వెళ్లాలనే నిబంధన ఉంది కాబట్టి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ గడువు దాటించుకోకండి.

సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ తీర నిబంధనలు వర్తించవంటున్నారు.

వర్తించవచ్చు. నది వెంట నిబంధన సముద్రం నుంచి దూరాన్ని బట్టి ఆగదు, ఉప్పుని బట్టి ఆగుతుంది. ఏడాదిలో బాగా ఎండగా ఉండే కాలంలో నీటిలో ఉప్పు వెయ్యికి 5 పాళ్లు ఉన్నంత మేరా అది పోటు తగిలే నీరుగా లెక్క. ఒడ్డు నుంచి ఎంత వెడల్పు అనేది 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో 100 మీటర్లు, 2019 దాంట్లో 50 మీటర్లు, లేదా ఏరు వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019 నిబంధనలు ఆ ప్రకారం తయారైన మ్యాపు ఆమోదం పొందాకే అమలవుతాయి. కాబట్టి మీ చోటికి ఇప్పుడు అమల్లో ఉన్న మ్యాపు ఏదని రాతపూర్వకంగా అడగండి. మడచెట్లు, బురద పర్రలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు రెండింటిలోనూ అత్యంత కట్టుదిట్టమైన వర్గంలో ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో చిన్న రిఫ్రాక్టోమీటరుతో ఉప్పు కొలిచి రాసుకోండి.

ఉదయాన్నే చేపలు చచ్చి తేలాయి. ఫ్యాక్టరీ నీళ్లే అని పోస్టు పెట్టేశాం.

పోస్టు ముందు, పరీక్ష తర్వాత అయితే మీ మాటకి బలం పోతుంది. నిలవ నీళ్లలో తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గి కూడా చేపలు చస్తాయి. వ్యర్థాలూ కారణం కావచ్చు. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెంటనే చెప్పి, వాళ్లు వచ్చేలోగా సమయం, నీటి రంగు, వాసన, ఏ రకం చేపలు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అనేది రాయండి. మీరు సీసాలో పట్టిన నీళ్లు దారి చూపిస్తాయి గానీ, కేసు నిలబడాలంటే 1974 నీటి చట్టం ప్రకారం అధికారులు తీసిన శాంపిల్ కావాలి. ఒక గంట ఆలస్యమైతే పోటు వచ్చి అంతా కడిగేస్తుంది. అందుకే మండలి కార్యాలయం నంబరు ముందే ఫోనులో ఉంచుకోండి. చచ్చిన చేపల్ని ఎవరూ అమ్మకుండా, తినకుండా ఊళ్లో చెప్పండి.

మా ఊళ్లోవాళ్లే "అభివృద్ధికి అడ్డం పడకండి" అంటున్నారు.

వాళ్లతో వాదన గెలవాలని చూడకండి. జెట్టీ కావాలి, రోడ్డు కావాలి అనేవాళ్ల అవసరం నిజమైనదే. ఎక్కడ కట్టాలి, నీళ్లు ఆడే దారి వదిలారా, వలలు ఆరేసుకునే చోటు పోతుందా అని అడిగితే వాళ్లే మీతో కలిసి ప్రశ్నిస్తారు. టెక్కలి వైపు తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఆ ఊరికి ఎవరూ పాఠం చెప్పలేదు. పిట్టలు వస్తే ఊరికి మంచిదని వాళ్లే నమ్మారు. మన మొగల దగ్గర కూడా అలాంటి నమ్మకాలుంటాయి, అడిగి తెలుసుకోండి.

## నడుపుకుంటూ పోవడానికి

మొదటి ఏడాది నలభై మంది వచ్చారు, ఇప్పుడు ఐదుగురే వస్తున్నారు.

ఐదుగురు చాలు. నలభై మంది మొగ మీద నడిస్తే పిట్టలన్నీ లేచిపోతాయి.

డబ్బు ఎలా? కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత నిధులు) తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, రెండు షరతులు ముందే రాయించుకోండి. మీరు కొలిచిన లెక్కలు మీ సొంతం, వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టొచ్చు. రెండు, డబ్బులో పెద్ద వాటా గ్రామ కాపలాదారుల కూలికి పోతుంది. విదేశీ డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. కొనాల్సినవి ఎర్ర వెలుగు టార్చీలు, బూట్లు, బైనాక్యులర్లు, రిఫ్రాక్టోమీటరు. ఇవన్నీ కలిపినా ఒక పెద్ద సభకి వేసే షామియానా ఖర్చు దాటదు.

స్కూలు పిల్లల్ని తీసుకురావచ్చా?

తీసుకురండి, ఒక్కసారికి పదిహేను మందికి మించకుండా, పాటు వేళలో, తీర గ్రామం నుంచి ఒకరు వెంట ఉండేలా. నగరం బడులకన్నా ముందు ఆ ఊరి బడికి వెళ్లండి. భీమిలిలో పుట్టి పెరిగిన పిల్లల్లో కొందరు గోస్తని అవతలి ఒడ్డుకి ఎప్పుడూ వెళ్లలేదు. పీతని చూపించి తాత ఏమని పిలుస్తాడో అడిగి రమ్మనండి. వచ్చే వారం వాళ్లు తెచ్చే పేర్ల జాబితాని తేదీ వేసి రిజిస్టరులో అతికించండి.